ఆటోనగర్‌లో రోటర్ బ్యాలెన్సింగ్: మా కారం మిల్లు పూనకం ఎలా తగ్గింది

మా మిల్లులో బల్ల మీద టీ గ్లాసు పెడితే దానంతటదే నడుచుకుంటూ అంచు దాకా పోయేది. పోయిన సంవత్సరం మార్చిలో ఏడాది కారం పట్టించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ, పడబోతున్న గ్లాసును పట్టుకుని, "ఇదేంటమ్మాయ్, మీ మిల్లుకి పూనకం వచ్చిందా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి లెక్కల పుస్తకం తీస్తే పన్నెండు నెలల్లో బేరింగులు నాలుగు జతలు మార్చినట్టు తేలింది. అప్పుడు నవ్వు రాలేదు.

గుంటూరు పక్కన నల్లపాడు దాటాక ఉంటుంది మా మిల్లు. 1994లో మా మావయ్య గారు పెట్టారు, ఎనిమిదేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. 25 హెచ్‌పీ మోటారు, బెల్టుల మీద తిరుగుతూ మిరపకాయల్ని పొడి కొట్టే పల్వరైజర్, పొడిని సైక్లోన్‌లోకి (గాలి నుంచి పొడిని విడదీసే గరాటు డబ్బా) లాగే బ్లోయర్ ఫ్యాను. ఇళ్ళవాళ్ళ మూడు కిలోల నుంచి వ్యాపారుల టిక్కీల (మిరపకాయల బస్తాల) దాకా అన్నీ దీని మీదే ఆడతాయి. ఈ రివ్యూ ఆ పల్వరైజర్ లోపల డిస్కులతో, హ్యామర్లతో తిరిగే రోటర్‌ని, ఫ్యాన్‌ని బ్యాలెన్సింగ్ చేసిన, అంటే తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి లాగకుండా సరిచేసిన, విజయవాడ ఆటోనగర్ షాపు గురించి. షాపు పేరు రాయడం లేదు. రాస్తానంటే యజమాని పెద్దాయనే వద్దన్నాడు. "నాకున్నది ఒక్కటే మెషీనమ్మా. నువ్వు పేరు పెట్టావంటే సీజన్లో అందరూ ఇక్కడికే వస్తారు. తిప్పి పంపితే తిట్లు నీకే" అన్నాడు. కాబట్టి పేరు పక్కన పెట్టి పని గురించి చెబుతాను. ఎక్కడ చేయించినా పని ఇదే కదా.

అంతకు ముందు చేసిన తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే ఈ షాపు గొప్పేంటో అర్థం కాదు. బేరింగు పోయిన ప్రతిసారీ మాకు పనిచేసే మిస్త్రీ, "డూప్లికేటు వేశారమ్మా, అందుకే పోతున్నాయి" అనేవాడు. బిల్లుతో సహా కంపెనీ 6310 నంబరు బేరింగులు తెచ్చి చేతిలో పెట్టినా రెండు నెలలకు మళ్ళీ అదే మాట. చివరికి ఎవరో చెబితే, మాకు దగ్గర్లోనే ఒక వెల్డింగ్ షాపుకి రోటర్ మోసుకెళ్ళాం. వాళ్ళు రెండు ఇనప యాంగిళ్ళు సమంగా పెట్టి, వాటి మీద షాఫ్టు ఆనించి రోటర్‌ని వదిలారు. బరువున్న వైపు దొర్లి కిందికి వచ్చింది. దానికి ఎదురుగా పై వైపున ఒక పట్టీ ముక్క వెల్డింగ్ చేశారు. మళ్ళీ వదిలారు, మళ్ళీ ఇంకో ముక్క. చివరికి ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. నాకు ముచ్చటేసింది, ఆరు వందలు ఇచ్చి తెచ్చుకున్నాను. రోటర్ నిలబడింది గానీ మిల్లు మాత్రం ముందుకన్నా ఎక్కువ ఊగింది. గోడకున్న క్యాలెండర్ మేకుతో సహా ఊడి పడింది ఆ వారంలోనే.

ఆటోనగర్ సంగతి చెప్పింది మిరపకాయలు దింపడానికి వచ్చిన లారీ డ్రైవరు. లారీ కింద గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు ఊగితే డ్రైవర్లు ఆటోనగర్‌లోనే బ్యాలెన్సింగ్ చేయిస్తారట. "అదే మెషీన్ మీద మీది కూడా పెడతారు, అడగండి" అన్నాడు. నిజంగానే ఆ షాపులో పని సగం లారీల షాఫ్టులదే. మిగతా సగం బ్లోయర్ ఫ్యాన్లు, మోటారు రోటర్లు, అప్పుడప్పుడూ మా లాంటి మిల్లుల సామాను.

ఫోన్ చేస్తే పెద్దాయన ముందు అడిగింది రోటర్ గురించి కాదు. "ఊగుడు కొలిచారా?" అన్నాడు. కొలవడమేంటి, గ్లాసు నడుస్తోందని చెప్పాను. "ముందు కొలవకుండా బోల్టు కూడా విప్పొద్దు. విప్పాక ఏది దేనివల్లో తెలీదు" అని, మర్నాడు ఒక కుర్రాణ్ణి పంపాడు. ఎనిమిది వందలు, పెట్రోలు అదనం. పని మొదలవకుండానే డబ్బులేంటని లోపల గొణుక్కున్నాను. ఇప్పుడు చెబుతున్నా, మొత్తం ఖర్చులో బాగా గిట్టుబాటైంది ఆ ఎనిమిది వందలే.

కుర్రాడు బేరింగుని పట్టి ఉంచే హౌసింగుకి అయస్కాంతంతో ఒక సెన్సార్ అంటించి, మిల్లు ఖాళీగా తిప్పించాడు. అడ్డంగా, నిలువుగా, షాఫ్టు పొడుగునా మూడు వైపులా కొలిచాడు. అడ్డంగా 14 వచ్చింది, అంటే సెకనుకు 14 మిల్లీమీటర్ల వేగంతో హౌసింగు ఊగుతోంది. ఈ సైజు యంత్రానికి 2.8 లోపుంటే నిశ్చింతగా ఉండొచ్చు, 7.1 దాటితే నడపకూడదు అని లెక్క ఉందట. నేను దానికి రెట్టింపు మీద ఏడాదంతా కారం పట్టాను! తర్వాత స్క్రీన్ మీద గీతలు చూపించాడు. మా రోటర్ నిమిషానికి 2,900 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 48. సరిగ్గా ఆ 48 దగ్గరే ఒక గీత తాటిచెట్టులా నిలబడింది. చుట్టుకి ఒక్కసారి ఊగుతోందంటే ముందు అనుమానం బరువు ఒక పక్కకి ఉండటం మీదే అన్నాడు. కప్లింగుతో నేరుగా కలిపిన రెండు షాఫ్టులు వరస తప్పితే చుట్టుకి రెండుసార్లు ఊగే గీత కూడా గట్టిగా కనిపిస్తుందట, బేరింగు పోయినప్పుడు ఇంకా పైన సన్న గీతలు గుంపుగా వస్తాయట. మా మిస్త్రీ పక్కనే నిలబడి వింటున్నాడు. డూప్లికేటు మాట ఎత్తలేదు.

మొదటి రోజు ఆటోనగర్ వెళ్ళింది దండగైంది, తప్పు నాదే. రోటర్‌తో పాటు బ్లోయర్ ఫ్యాను కూడా విప్పి ఉన్నది ఉన్నట్టు బండిలో వేసుకెళ్ళాను. పెద్దాయన ఫ్యాను రెక్కల వెనక వేలు పెట్టి చూసి, "కడిగి తీసుకురామ్మా" అన్నాడు. మిరపకాయలో నూనె ఉంటుంది కదా, పొడి రెక్కలకి పట్టి రాయిలా గట్టిపడుతుంది. అన్ని రెక్కలకీ సమానంగా పట్టదు. ఒక్కోసారి ఒక రెక్క మీద పెచ్చు ఊడి పడిపోతుంది, ఆ క్షణం నుంచి ఫ్యాను ఊగడం మొదలు. మురికి మీద బ్యాలెన్సింగ్ చేస్తే ఆ మురికి రాలిన రోజు చేసిన పని మొత్తం తలకిందులవుతుందని ఆయన వాదన. న్యాయమే. ఈ మాటలు జరుగుతుండగానే ఆ ఘాటుకి షాపులో నలుగురు, పక్క షాపులో ఇద్దరు తుమ్ముతున్నారు. ఇంటికొచ్చి వేడినీళ్ళు, సోడా పోసి గీకితే ఆరు వందల గ్రాముల పైన ముద్ద వచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు దగ్గరుండి చూశాను. వద్దని ఎవరూ అనలేదు, స్టూలు కూడా వేశారు. మెషీన్ పాతది, ఆకుపచ్చ రంగు సగం పోయింది. రెండు పీఠాలు, వాటి మీద రోలర్లు, రోలర్ల మీద రోటర్ షాఫ్టు. కింద నుంచి ఒక బద్దీ లాంటి బెల్టు వచ్చి రోటర్‌ని తిప్పుతుంది. షాఫ్టు మీద ఒక మెరిసే స్టిక్కరు అంటించి, దాన్ని చూసే చిన్న కన్ను ఒకటి పెట్టారు, ప్రతి చుట్టూ ఎక్కడ మొదలైందో దానికి తెలియడానికి. పీఠాల్లోని సెన్సార్లు ఎంత లాగుతోందో చెబుతాయి, ఆ కన్ను ఏ కోణంలో లాగుతోందో చెబుతుంది. అంతకు మించి మంత్రమేమీ లేదు.

ఎక్కించే ముందు, "కీ ఏదమ్మా?" అన్నాడు. పుల్లీని షాఫ్టుకి పట్టి ఉంచే ఇనప ముక్క. ఇంట్లోనే పుల్లీలో వదిలేశాను. చిన్న ముక్కేగా అన్నాను. కొలతలు అడిగాడు: 14 బై 9, పొడవు 90 మిల్లీమీటర్లు. కాగితం మీద గబగబా లెక్కేసి చూపించాడు. కీ మొత్తం 89 గ్రాములు, అందులో షాఫ్టు గాడిలోకి దిగే భాగం 54. షాఫ్టు మధ్య నుంచి అది దాదాపు 20 మిల్లీమీటర్ల దూరంలో కూర్చుంటుంది. 54 ఇరవైలు 1,080. మా 40 కిలోల రోటర్‌కి ఈ వేగంలో ఫ్యాన్లకీ మామూలు యంత్రాలకీ వాడే 6.3 బ్యాలెన్సింగ్ గ్రేడు ప్రకారం మిగలనివ్వదగ్గది మొత్తం కలిపి 830 గ్రాము-మిల్లీమీటర్లు మాత్రమే. అంటే గాడి ఖాళీగా ఉంచి ఎంత బాగా సరిచేసినా, ఇంటికెళ్ళి కీ కొట్టగానే హద్దు దాటేస్తుంది! ఒక ఇనప కడ్డీ తీసుకుని గాడిలో సరిగ్గా నిండేంత సగం కీ అక్కడికక్కడే కోసి, రాసి, బిగించాడు. పుల్లీ వైపు మిగతా సగం లెక్క పుల్లీది. ఈ ఒక్క పనికే ఆయన మీద నాకు గురి కుదిరింది.

గ్రాము-మిల్లీమీటరు అంటే ఏమిటో కూడా ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. చేలో పిట్టల్ని తోలే వడిసెల తిప్పావా ఎప్పుడైనా అని అడిగాడు. రాయి చిన్నదైనా తాడు పొడుగైతే చెయ్యి లాగేస్తుంది. రాయి బరువుని తాడు పొడవుతో హెచ్చవేస్తే వచ్చేదే ఈ లెక్క. ఇక తిప్పే వేగం రెట్టింపు చేస్తే లాగుడు నాలుగింతలవుతుంది. అందుకే మా తాతల కాలం నాటి తిరగలికి ఈ గొడవ లేదు, పల్వరైజర్‌కి ఉంది.

మొదటి కొలత: ఎడమ వైపు 9,800 గ్రాము-మిల్లీమీటర్లు, కుడి వైపు 7,400. రెండూ ఒకే దిక్కున లేవు, దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి. ఆ 9,800 మిల్లు వేగంలో ఎంత లాగుతుందని అడిగితే క్యాలిక్యులేటర్ నొక్కి, 92 కిలోల బరువంత అన్నాడు. అంటే నాకన్నా బరువైన మనిషి ఒకడు బేరింగు పట్టుకుని సెకనుకి 48 సార్లు చుట్టూ గుంజుతున్నట్టు. పాపం బేరింగులు.

మరి యాంగిళ్ళ మీద చక్కగా నిలబడిందిగా అన్నాను. ఆయన మూలన పడున్న పైపు ముక్క తీసి, ఎడమ చివర పైన ఒక అయస్కాంతం, కుడి చివర కింద ఇంకొకటి అంటించాడు. యాంగిళ్ళ మీద పెడితే కదల్లేదు, ఎందుకంటే పైనున్న బరువుకి కిందున్న బరువు సరిపోయింది. రెండు చివర్లా దారం కట్టి పైపుని తిప్పితే మాత్రం గిజగిజా కొట్టుకుంది. ఒక చివర ఇటు, ఇంకో చివర అటు. వెల్డింగ్ షాపు వాళ్ళు పట్టీలన్నీ చేతికి అందిన ఒకే డిస్కు మీద వేశారు. నిలబెట్టినప్పుడు తూకం కుదిరింది, తిప్పితే కుదరలేదు. సన్నగా చక్రంలా ఉండే ఫ్యానుకి ఒక్క చోట సరిచేస్తే చాలుతుంది గానీ, పొడుగ్గా ఉండే రోటర్‌కి రెండు చివర్లా విడివిడిగా చెయ్యాలట. ఆ పాత పట్టీలన్నీ గ్రైండర్‌తో కోసేసి, మళ్ళీ మొదటి నుంచి కొలిచారు.

నాకొక అనుమానం ఉండేది. మా మిల్లు 2,900 మీద తిరుగుతుంటే ఈ మెషీన్ రోటర్‌ని ఆరేడు వందల మీదే తిప్పుతోంది. నెమ్మదిగా తిప్పి చూస్తే అసలు రోగం తెలుస్తుందా? వంగని గట్టి రోటర్‌కి బరువు ఎక్కడుందో వేగంతో మారదు, లాగే బలమే మారుతుంది అన్నాడు. పొడుగ్గా సన్నగా ఉండి వేగంలో వంగే షాఫ్టులకి ఈ లెక్క చాలదని కూడా తనే చెప్పాడు.

తర్వాత పని చకచకా సాగింది. పట్టీ ముక్కలు బంగారం తూచే లాంటి చిన్న కాటా మీద తూచడం, ఒక చుక్క వెల్డింగ్‌తో అంటించడం, తిప్పి చూడటం, మళ్ళీ కాస్త రుద్దడం, అప్పుడు పూర్తి వెల్డింగ్. వెల్డింగ్ రాడ్డు కరిగి చేరే బరువు కూడా లెక్కలోకి వస్తుందని చివర్లో మరోసారి తిప్పారు. ఎడమ 310, కుడి 260. ఒక్కో వైపు హద్దు 415. డిస్కు అంచు దగ్గర 415 అంటే మూడు గ్రాముల లోపు, రూపాయి బిళ్ళ బరువు కూడా ఉండదు.

ఇక్కడ నేను గమనించిన చిన్న సంగతి ఒకటి. వెల్డింగ్ మెషీన్ ఎర్త్ క్లాంపుని ఆయన మెషీన్ బాడీకి కాకుండా డిస్కుకే, వెల్డింగ్ చేసే చోటుకి పక్కనే తగిలించాడు. ఎందుకన్నాను. కరెంటు దగ్గర దారిలో తిరిగి పోవాలి, లేకపోతే రోలర్ల మీదుగా పోయి వాటి మీద గుంటలు పెడుతుంది అన్నాడు. నాకు టక్కున తట్టింది. పోయిన సంవత్సరం పల్వరైజర్ మూత పగిలితే మిల్లు మీదే వెల్డింగ్ చేయించాం. రోటర్ మీద కూడా నాలుగు చుక్కలు పెట్టారు, క్లాంపు మాత్రం మోటారు బెడ్డుకి తగిలించారు. కరెంటు మొత్తం కొత్త బేరింగుల గుండానే పోయింది. వారం తిరక్కుండా అవి కూత మొదలుపెట్టాయి. నాలుగు జతల్లో ఒక జత లెక్క అలా తేలింది.

పక్కన ఒక టూల్ రూమ్ కుర్రాడు సర్ఫేస్ గ్రైండర్ రాయి తెచ్చి కూర్చున్నాడు. దాన్ని ముందు చెక్క పిడితో తట్టి చెవి పెట్టి విన్నారు. గంటలా మోగితే రాయి మంచిది, మొద్దుగా వినిపిస్తే లోపల పగులుంది, అది అసలు ఎక్కించకూడదు. దాన్ని పట్టి ఉంచే ఫ్లాంజి గాడిలో జరిపే చిన్న బరువులుంటాయి, అవి అటూ ఇటూ జరిపి సరిచేశారు. గ్రైండింగ్ మెషీన్లకి 6.3 పనికిరాదు, 1 గ్రేడు కావాలట, లేకపోతే రాసిన ఇనుము మీద అలలు పడతాయట. కారానికి అంత అక్కర్లేదు, సంతోషం.

యూట్యూబ్‌లో నడుస్తున్న మెషీన్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి చూపిస్తారుగా, మాది కూడా అలా నిలబడుతుందా అని అడిగాను. నవ్వాడు. "బిళ్ళ నిలబడితే నాకేం సంతోషమమ్మా, మీటరు చూపించు" అన్నాడు.

ఇప్పుడు నచ్చని సంగతులు. రోటర్ బిగించి మిల్లు తిప్పాక మీటరు 6.2 చూపించింది. 14 నుంచి తగ్గింది నిజమే, కానీ 2.8 ఎక్కడ? ఫోన్ చేస్తే అప్పుడు అడిగాడు, పుల్లీ కూడా చేయించలేదు కదా అని. అయ్యా, అది తెమ్మని మొదటి ఫోన్లోనే చెప్పాలి కదా! రోటర్ బరువు, బేరింగుల మధ్య దూరం, వేగం అన్నీ అడిగి పుల్లీ, కీ మాత్రం అడగలేదు. మళ్ళీ కృష్ణ మీది వారధి దాటి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడి, రానూపోనూ అంత దూరం. ఒక రోజు, డీజిలు, టోలు పోయాయి. పుల్లీకి మూడు చోట్ల గుంటలు డ్రిల్లు చేసి సరిచేశారు, అరగంట పని.

రెండో ఫిర్యాదు బిల్లు. ముందు ధర చెప్పరు, "చేశాక చూద్దాం" అంటారు. రోటర్‌కి 3,500, ఫ్యానుకి 1,800, పుల్లీకి 600 అయ్యింది, జీఎస్టీ అదనం. ధర ఎక్కువని అనను, కానీ ముందే చెబితే సొమ్మేం పోయింది? రిపోర్టు కూడా పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్నుతో రాసిచ్చారు. అడిగితే గానీ ముందు అంకెలు, తర్వాత అంకెలు, కోణాలు విడివిడిగా రాయలేదు. మీరు వెళితే తప్పక అడిగి రాయించుకోండి. ఆ కాగితమే వచ్చేసారి పనికొస్తుంది.

ఇంకొకటి. ఆ లైన్లో ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. నాలుగు గంటలు కూర్చోవాల్సి వస్తే ఏం చెయ్యాలి? పెద్దాయనకి చెబితే పాపం మొహమాటపడి, దగ్గర్లోని పెట్రోలు బంకు చూపించాడు. ఆటోనగర్‌కి మిల్లులు నడిపే ఆడవాళ్ళు కూడా వస్తారని అక్కడి వాళ్ళకి తట్టినట్టు లేదు.

సరే, పుల్లీ కూడా బిగించాక కుర్రాడు మళ్ళీ వచ్చాడు. 4.9. మళ్ళీ గుండె జారింది. వాడు మాత్రం కంగారు పడలేదు. మిల్లు నడుస్తుండగానే ఒక్కో ఫౌండేషన్ బోల్టు కాస్త వదులు చేసి, మీటరు చూసి, మళ్ళీ బిగిస్తూ పోయాడు. మూడో బోల్టు వదులు చేయగానే ఊగుడు తగ్గింది. బిగిస్తే పెరిగింది! ఆ బోల్టు దగ్గర బెడ్డు కాలు కింద సందు ఉంది, బోల్టు బిగించినప్పుడల్లా బెడ్డు మెలి తిరుగుతోంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 0.8 మిల్లీమీటర్లు. అంత మందం రేకు ముక్క కోసి దాని కింద పెట్టి బిగించాడు. 2.3. వాడికి భోజనం పెట్టి పంపాను.

అయితే నాకు ఈ షాపు నుంచి దొరికిన అసలు మేలు బిల్లులో లేదు. రోటర్‌కి ఊగే హ్యామర్లు నాలుగు కడ్డీలకి ఆరేసి, మొత్తం 24 ఉంటాయి. బ్యాలెన్సింగ్ అప్పుడు వాటిని విప్పేసి ఒట్టి రోటర్‌నే సరిచేశారు. హ్యామర్లు తిరిగి ఇచ్చేటప్పుడు పెద్దాయన ఒకటి చేతిలోకి తీసుకుని, ఇంకోటి తీసుకుని, రెండూ కాటా మీద పెట్టాడు. ఒకటి 352 గ్రాములు, ఇంకోటి 291. "ఇదేంటమ్మా?" అన్నాడు. మేము అరిగినవి అరిగినట్టు, విరిగినవి విరిగినట్టు ఒకటీ రెండూ మారుస్తూ వచ్చాం. సామాను వృథా కాకూడదని మావయ్య గారి కాలం నుంచీ అదే పద్ధతి. 61 గ్రాముల తేడా, మధ్య నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో. పన్నెండు వేలు దాటింది లెక్క. రోటర్‌లో ఏ ఒక్క వైపు ఆయన తీసేసిన దానికన్నా ఎక్కువ తేడా మేమే చేత్తో తగిలిస్తున్నాం. ఆ హ్యామర్లతోనే బిగించుకుని పోతే ఆ 3,500 కృష్ణలో వేసినట్టే.

ఆ రోజు ఆయన ఓపిగ్గా కూర్చుని మా 24 హ్యామర్లూ తూచి, పెయింటు పెన్నుతో బరువులు రాసి, ఎదురెదురు కడ్డీల మీద సమానమైనవి వచ్చేలా జతలు కట్టాడు. ఎదురెదురు కడ్డీల మొత్తం రెండు గ్రాములకి మించి తేడా రాకూడదు, అటు మొదట్లో ఉన్నదానికి ఇటు మొదట్లో ఉన్నది సరిపోవాలి. కుదరని ఎనిమిదింటిని పక్కన పడేసి కొత్తవి కొనిపించాడు. దీనికి పైసా తీసుకోలేదు. ఒకటి విరిగితే దాని ఎదురుది కూడా తీసి జతగా మార్చాలి, అరిగితే సెట్టు మొత్తం తిప్పాలి లేదా మార్చాలి అని మా మిల్లు కుర్రాడితో మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఇప్పుడు మా మిల్లులో మసాలాలు తూచే కాటా పక్కన హ్యామర్లు తూచే కాటా ఒకటి ఉంది. మావయ్య గారు మొదట్లో దాన్ని చూసి ముక్కు విరిచారు. ఈ మధ్య తనే తూస్తున్నారు.

ఒక సీజను పూర్తిగా గడిచింది. బేరింగులు మార్చలేదు. హౌసింగు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, మునుపటిలా చుర్రుమనదు. బెల్టులు కూడా ఎక్కువ కాలం వస్తున్నాయి. బ్యాలెన్సింగ్ చేయిస్తే కరెంటు బిల్లు బాగా తగ్గుతుందని ఒకాయన చెప్పాడు గానీ, నాకైతే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మిల్లు చప్పుడు పూర్తిగా పోదు కూడా, మిరపకాయని కొట్టే మోత ఎక్కడికి పోతుంది? పోయింది నేల అదిరే ఊగుడు. ఫ్యాను రెక్కలు మాత్రం పదిహేను రోజులకోసారి గీకకపోతే మళ్ళీ మొదలవుతుంది, అది మన బద్ధకం మీద ఆధారపడి ఉంటుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి కోసింది పుల్లీ కోసం తిప్పిన తిప్పుడుకి, ముందు ధర చెప్పనందుకు.

వెళ్ళాలనుకునే మిల్లుల వాళ్ళు సంక్రాంతికి ముందే వెళ్ళండి. ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకి సరుకు మొదలవుతుంది, మనకి మిల్లు ఆపే తీరిక ఉండదు, ఆయనకి లారీల షాఫ్టులతో తీరిక ఉండదు. నేను డిసెంబరులో మరోసారి కొలిపించుకుంటాను. పుల్లీ, కీ, ఆ క్యాలెండర్ కాగితం ఒకే గోతంలో కట్టేలా మా కుర్రాడికి ఇప్పుడే చెప్పి పెట్టాను.